ఆషాఢం ఏం చేసింది పాపం?

మొన్న క్యాంటీన్లో మా టీమ్ లో ఉండే స్నేహితుడొకడు మియాపూర్ లో తన ఫ్లాట్ అమ్ముడుపోవట్లేదని తెగ బాధపడ్డాడు. "ఈ 2026 మనకి కలిసిరాలేదు బాసూ. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం అని ఒక నెల దొరుకుతుంది, ఊపిరి పీల్చుకునేలోపు ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా ఎవడూ గడప తొక్కడు" అన్నాడు. ప్రాజెక్ట్ ప్లాన్ కూడా ఇంత వివరంగా వెయ్యడు మావాడు, పంచాంగం మాత్రం కంఠతా పట్టేసాడు :)

నేను ఒక్కటే అడిగాను. "రేటెంత పెట్టావు?" చెప్పాడు. "ఆ నంబరు ఎక్కడిది?" అంటే, "పక్క బ్లాకులో ఒకాయన అంతకే అమ్మాడట" అన్నాడు. ఆ "అట" వినగానే నాకు 2025లో మా ఇంట్లో జరిగిన తతంగం మొత్తం గుర్తొచ్చింది. అందుకే ఈ టపా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తిట్టదల్చుకున్నవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టొచ్చు. ఆషాఢంలో ఇళ్ళు అమ్ముడుపోకపోవడంలో ఆషాఢం వాటా చాలా తక్కువ. వచ్చిన నలుగురిని గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపేది మనం, నింద వేసేది నెల మీద.

మా ఫ్లాట్ కొత్తపేటలో ఉండేది. నాన్న 2003లో 8 లక్షలకి కొన్నారు. 1050 చదరపు అడుగులు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కొన్నప్పుడు నాకు ఆరేళ్ళు, మెట్లు ఎక్కడం ఆట. 22 ఏళ్ళు గడిచాక అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. డాక్టరు మెట్లు తగ్గించమన్నాడు. మూడో అంతస్తులో ఉండేవాళ్ళు మెట్లు తగ్గించడం అంటే కిందికి దిగకపోవడమే కదా. చివరి రోజుల్లో అమ్మ తాడు కట్టిన బుట్టలో డబ్బులు వేసి బాల్కనీ నుంచి దించితే కూరలబ్బాయి బెండకాయలు వేసి పంపేవాడు. చూడ్డానికి సరదాగా ఉండేది గానీ, వారాల తరబడి ఆవిడ నేల మీద కాలు పెట్టలేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తూ పక్క గదిలోనే కూర్చున్నా తట్టలేదు, అదీ మన తెలివి.

2025 మే మధ్యలో నాగోలు వైపు లిఫ్టు ఉన్న ఫ్లాట్ ఒకటి చూసి అగ్రిమెంట్ రాసుకున్నాం. 5 లక్షలు అడ్వాన్స్, అది నేను దాచుకున్న డబ్బు. గడువు మూడు నెలలు, ఆగస్టు 16 వరకు. కొత్తపేటది అమ్మితేనే ఇది కొనగలం. గడువు దాటితే అడ్వాన్స్ వెనక్కి రాదని స్పష్టంగా రాసుంది, నేనే చదివి సంతకం పెట్టించాను. మూడు నెలల్లో ఒక ఫ్లాట్ అమ్మలేమా అనుకున్నాం. ఆ మూడు నెలల మధ్యలో ఏముందో అప్పుడు ఎవరం క్యాలెండర్ చూడలేదు.

నిజం ఒప్పుకోవాలి, సీజన్ అనేది అసలు లేదని నేను అనట్లేదు. ఆ ఏడాది జూన్ 26 నుంచి జులై 24 దాకా ఆషాఢం. దానికి ముందే గురుమౌఢ్యం కూడా వచ్చింది. గృహప్రవేశాలు లేవు కాబట్టి చేరాలనుకునేవాళ్ళు ఆగుతారు. పైగా మన దగ్గర జూన్ మధ్యకల్లా స్కూళ్ళు తెరుస్తారు. ఒకసారి పిల్లలకి ఫీజు కట్టి బస్సు రూటు ఖాయం చేసుకున్నాక ఏ కుటుంబమూ ఏరియా మారదు. నాకడిగితే పంచాంగం కన్నా స్కూలు ఫీజే గట్టిగా పనిచేస్తుంది. ఇక వానలు. ఇవన్నీ కలిపి ఫోన్లు తగ్గుతాయి, కాదనను. కానీ తగ్గడం వేరు, సున్నా అవడం వేరు. ఆ రెండింటి మధ్య తేడా మా చేతుల్లోనే ఉందని తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

మొదటి తప్పు రేటు. మే ఆఖర్న 65 లక్షలకి పెట్టాం. ఎందుకు 65? మా వెనక లైన్లో అలాంటిదే ఒకటి 65కి పోయిందట. నాన్నకి అది వాకింగ్ లో చెప్పారు. సరే, మనం ఇంజినీర్లం కదా, డేటా చూద్దామని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ తీసాను. ఈసీ ఎవరైనా తీసుకోవచ్చు, అందులో ఎంతకి రిజిస్టర్ అయిందో ఉంటుంది. చూస్తే ఆ ఫ్లాట్ రిజిస్టర్ అయింది 34 లక్షలకి! మిగతా 31 నిజంగా చేతులు మారాయా, లేక అమ్మినాయన వాకింగ్ గ్రూపులో గొప్పకి చెప్పుకున్నాడా, దేవుడికే తెలియాలి. మన ఊళ్ళో పాత ఇళ్ళ ధరల డేటా అంతా ఇలా కుళ్ళిపోయి ఉంటుంది. పేపర్ మీద ఒకటి, నోట్లో ఒకటి. ఇలాంటి ఇన్‌పుట్ మీద ఏ మోడల్ కట్టినా చెత్తే వస్తుంది.

చివరికి బ్యాంకులో అడిగి, ఫీజు కట్టి, వాళ్ళ ప్యానెల్ లో ఉన్న వాల్యుయర్ ని పిలిపించాం. ఆయన బిల్డింగ్ వయసు, లిఫ్టు లేకపోవడం, మా వాటాకి వచ్చే గజాలు అన్నీ లెక్కేసి 57 లక్షలన్నారు. నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. 22 ఏళ్ళు ఉన్న ఇంటికి ఎవరో ఒకాయన అరగంట తిరిగి వెల కట్టేస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ కొనేవాడి బ్యాంకు నమ్మేది ఇలాంటి ఆయన్నే. నాన్న లోపల పెట్టుకున్న 65కి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. జులై మొదటి వారంలో 58కి తగ్గించాం. ఆ వారం ఫోన్లు జూన్ మొత్తం వచ్చినవాటి కన్నా ఎక్కువ. నెల అదే ఆషాఢం!

రెండోది, అసలు విషయం, బ్లాక్. దీని గురించి కాస్త సాగదీస్తాను, ఎందుకంటే మనలాంటి జీతగాళ్ళు కొనేటప్పుడు బ్లాక్ ని తిట్టి, అమ్మేటప్పుడు మాత్రం "అందరూ అలాగే చేస్తారు కదా" అంటారు. మా ఏజెంట్ మొదటి రోజే చెప్పాడు, "35 రిజిస్ట్రేషన్, మిగతాది క్యాష్. ఇక్కడ పద్ధతి అదే సార్." నాన్న తలూపారు. నేను స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

ధర 56 లక్షలు అనుకుందాం. మొత్తం వైట్ అయితే, రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాలకి ఇంటి విలువలో 80 శాతం దాకా లోన్ ఇవ్వచ్చు. అంటే 44 లక్షల 80 వేలు. కొనేవాడు తన జేబులోంచి పెట్టాల్సింది 11 లక్షల 20 వేలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 4 లక్షల 20 వేలు. ఈ ఖర్చుకి మామూలుగా గృహరుణంలో చోటుండదు, చేతి నుంచి పడాల్సిందే. మొత్తం 15 లక్షల 40 వేలు.

ఇప్పుడు అదే ఫ్లాట్ 35కి రిజిస్ట్రేషన్, 21 క్యాష్ అనుకోండి. 35 లక్షల మీద లోన్ ఎంత సాగదీసినా 30 దాటదు. కొనేవాడి చేతిలోంచి 5 లక్షలు, క్యాష్ 21, రిజిస్ట్రేషన్ ఖర్చు 2 లక్షల 62 వేలు. మొత్తం 28 లక్షల 62 వేలు! రిజిస్ట్రేషన్ లో మిగిలేది లక్షన్నర, దానికోసం ముందుగా పెట్టాల్సిన సొమ్ము 13 లక్షలు ఎక్కువ. మా కొత్తపేటలో లిఫ్టు లేని మూడో అంతస్తు కొనడానికి వచ్చేవాడి దగ్గర 28 లక్షలు రొక్కం ఉంటే వాడు మా ఇంటికెందుకు వస్తాడు, లిఫ్టు ఉన్నది చూసుకుంటాడు కదా. అంటే ఏజెంట్ చెప్పిన "పద్ధతి" వల్ల మా ఇల్లు ఎవరికి అవసరమో సరిగ్గా వాళ్ళే బయటికి పోతున్నారు.

మరి అమ్మేవాడికి లాభం? పన్ను తప్పించుకోవడం. మా కేసులో అదీ లేదు. 2024 జులై 23 తర్వాత అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఆ తేదీకి ముందు కొన్న ఇల్లయితే పాత పద్ధతిలో ధరని సూచీతో పెంచుకుని 20 శాతంతో కూడా లెక్కేసుకోవచ్చు, ఏది తక్కువైతే అది. నేను రెండూ వేసాను. 56కి అమ్మితే కొత్త పద్ధతిలో 6 లక్షలు, పాత పద్ధతిలో సూచీ 109 నుంచి 376కి పెరిగింది కాబట్టి సుమారు 5 లక్షల 70 వేలు. కానీ ఆ లాభం పెట్టి రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొంటే పన్నే లేదు, మేము చేస్తున్నది అదే. లేని పన్ను తప్పించుకోవడానికి నాన్న 21 లక్షలు బీరువాలో పెట్టుకుని, నాగోలులో వైట్ అడిగే ఆయనకి ఏమిస్తారు? అదీగాక 2015 జూన్ నుంచి ఇల్లు అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టించుకునే చట్టం ఉంది.

నాన్నకి లెక్క అర్థమైంది. ఏజెంట్ కి కాలేదు, లేదా అయినట్టు కనపడలేదు. ఒక్క విషయంలో మాత్రం నాన్న చివరిదాకా గొణుగుతూనే ఉన్నారు. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. "నా ఇంటి డబ్బులో వాడెవడ్రా 56 వేలు పట్టుకోవడానికి?" అని. రిటర్న్ వేస్తే వెనక్కొస్తుందని పదిసార్లు చెప్పాను :)

కాగితాల గురించి త్వరగా ముగిస్తాను. మీ ఇంటి ఈసీ మీరే ఒకసారి తీసి చూడండి, అమ్మే ఉద్దేశం లేకపోయినా. నా ఇంజినీరింగ్ ఫీజుల కోసం నాన్న 2014లో ఇంటి మీద లోన్ తీసుకున్నారు. 2021లో తీర్చేసాం, ఒరిజినల్స్ బ్యాంకు వెనక్కిచ్చింది, అయిపోయిందనుకున్నాం. ఈసీలో మాత్రం ఆ తాకట్టు ఇంకా బతికే ఉంది! బ్యాంకు నుంచి విడుదల పత్రం తెచ్చి రిజిస్టర్ చేయించడానికి రెండు వారాలు పట్టింది. కొనేవాడి బ్యాంకు లాయరు మొదట చూసేది అదే. ఇక ప్లాన్ కాపీ మా దగ్గర లేదు. జీహెచ్‌ఎంసీ 2007లో ఏర్పడింది, మా బిల్డింగ్ అంతకుముందుది. ఆ కాగితం గ్రౌండ్ ఫ్లోర్ ఆంటీ పాత సూట్‌కేసులో దొరికింది. ఆషాఢంలో ఈ పనులన్నీ ప్రశాంతంగా చేసుకోవచ్చు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జనం కూడా తక్కువే.

వాన సంగతి. రెండో బెడ్రూమ్ గోడకి చెమ్మ ఉండేది. "రెండు కోట్లు రంగు వేయించండి, వచ్చినవాళ్ళకి కొత్తగా కనపడుతుంది" అన్నాడు ఏజెంట్. ఎండాకాలంలో అయితే మేమూ ఆ పనే చేసేవాళ్ళమేమో, అబద్ధం ఎందుకు. జులైలో రంగు వేస్తే వారంలో పొంగి పెచ్చులూడుతుంది. దాంతో వేరే దారి లేక బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించాం. పైపు జాయింటు దగ్గర కారుతోంది. 38 వేలు అయింది. గోడకి రంగు వెయ్యకుండా ఆరనిచ్చి, వచ్చినవాళ్ళకి బిల్లుతో సహా చూపించాం.

ప్రకటన కూడా మార్చి రాసాను. "లిఫ్టు లేదు, మూడో అంతస్తు, 54 మెట్లు. పడమర ముఖం. మొత్తం వైట్. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ కాపీ చూపిస్తాం. కృష్ణా నీళ్ళు రోజు మార్చి రోజు. మెట్రో స్టేషన్‌కి నడిచి 9 నిమిషాలు." మెట్ల ఫోటో మొదటిది పెట్టాను. ఏజెంట్ కి పిచ్చెక్కినట్టుంది. కానీ అప్పటిదాకా సగం మంది ఎక్కి, ఆయాసపడి, మంచినీళ్ళు తాగి, "లిఫ్టు ఉందనుకున్నామండీ" అని దిగిపోయేవాళ్ళు. ఆ తర్వాత 54 మెట్లకి సిద్ధపడ్డవాళ్ళే వచ్చారు. వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలు కూడా మారిపోయాయి. 2020 అక్టోబర్ వరదలప్పుడు మీ వీధిలో నీళ్ళెంత వచ్చాయి అని అడిగేవారు. ఆ అక్టోబర్లో సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలు ఎలా మునిగాయో ఈ వైపు అందరికీ గుర్తే. 2024 జులైలో హైడ్రా వచ్చాక చెరువు ఎఫ్‌టీఎల్ ప్రశ్న కూడా తప్పనిసరి అయిపోయింది. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాప్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ఒకాయన మాత్రం వాస్తు పండితుణ్ణి తెచ్చాడు. ఆ పండితుడు ఫోన్లో కంపాస్ తీసి ఇనప గ్రిల్ పక్కన నిలబడి ఈశాన్యం 15 డిగ్రీలు తిరిగిందన్నాడు. ఇనుము పక్కన ఫోన్ కంపాస్ తప్పు చూపిస్తుందని చెప్పబోయాను, అమ్మ కళ్ళెర్ర చేసింది, ఊరుకున్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది, ఈ టపాలో నాకు రాయడం కష్టమైనది.

జులై రెండో వారంలో ఒక జంట వచ్చారు. ఆయనకి దిల్‌సుఖ్‌నగర్ లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు, ఆవిడ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ముస్లింలు. మాకు దొరికిన అందరిలోకీ పద్ధతిగా చూసినవాళ్ళు వాళ్ళే. ఆవిడ ఈసీ తీసుకుని తాకట్టు విడుదల తేదీ నోట్ చేసుకున్నారు. ఆయన మీటర్ బోర్డు తెరిచి వైరింగ్ ఎప్పటిదో తనే చెప్పారు. లోన్ ముందే మంజూరై ఉంది. 57 ఇస్తామన్నారు, మొత్తం వైట్. "అంకుల్, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే రాసుకుందాం, మాకు ముహూర్తం ఇబ్బంది లేదు" అన్నారు. అంటే మాకు ఆగస్టు 16 లోపు అయిపోయేదన్నమాట.

ఆ సాయంత్రమే పై ఫ్లాట్ అంకుల్ దిగొచ్చారు. ఇరవై ఏళ్ళ పరిచయం. నాకు జ్వరమొస్తే స్కూటర్ మీద హాస్పిటల్ కి తీసుకెళ్ళిన మనిషి. "మీరైతే వెళ్ళిపోతారు సార్, ఉండేది మేము కదా. కాస్త మనవాళ్ళని చూడండి" అన్నారు. అంతకుముందు ఫోన్లో నాన్న కూడా "మీ ఇంటిపేరేంటండీ?" అని అడగడం నేను చాలాసార్లు విన్నాను, విననట్టు లాప్‌టాప్ లో తల దూర్చాను. ఇంటిపేరు అడిగితే ఏం అడిగినట్టో మనందరికీ తెలుసు.

నాన్న రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు వాళ్ళకి ఫోన్ చేసి "ఆషాఢం కదమ్మా, ఇప్పుడు ఏమీ అనుకోవట్లేదు, శ్రావణంలో చూద్దాం" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మా పూజారిగారు అప్పటికే చెప్పారు, గృహప్రవేశం వద్దు గానీ అగ్రిమెంట్ కి ఆషాఢం అడ్డు కాదని. నాగోలు అగ్రిమెంట్ గడువు రోజురోజుకీ దగ్గరపడుతోంది. అమ్మ బాల్కనీలో బుట్ట దించుతోంది. అన్నీ నాకు తెలుసు. ఒక్క మాట అనలేదు. తర్వాత నాన్నతో చాలా వాదించాను, కానీ ఫోన్ పెట్టేసాక వాదించి ఏం లాభం.

కొనేవాళ్ళు లేరు లేరు అని ఏడ్చే ఇళ్ళల్లో ఇలాంటి ఫోన్లు ఎన్ని వెళ్తుంటాయో. ఈసీలో అవి కనపడవు. ఆషాఢం అనేది కొనేవాళ్ళ కన్నా అమ్మేవాళ్ళకే ఎక్కువ పనికొస్తుందని నాకు ఆ రోజు అనిపించింది. తగ్గించలేని రేటుకి, చూపించలేని కాగితానికి, చెప్పలేని కారణానికి అన్నిటికీ ఒకటే మర్యాదైన జవాబు.

ఆ తర్వాత మనలాంటి ఐటీ అబ్బాయి ఒకడు వచ్చాడు. ఆఫీసు రాయదుర్గంలో, అమీర్‌పేటలో మెట్రో మారితే చాలని లెక్క వేసుకున్నాడు. 57కి సరే అన్నాడు, శ్రావణ శుక్రవారం టోకెన్ ఇస్తానన్నాడు. "మనవాడే" కూడా, పై ఫ్లాట్ అంకుల్ కి మహా సంతోషం. జులై 27న, అంటే శ్రావణం వచ్చిన మూడో రోజు, దేశంలోకెల్లా పెద్ద ఐటీ కంపెనీ 12 వేల మందికి పైగా తీసేయబోతోందని వార్త వచ్చింది. అబ్బాయిది ఆ కంపెనీ కాదు. అయినా రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి "అన్నా, బెంచ్ మీద ఉన్నాను, ఇరవయ్యేళ్ళ ఈఎంఐకి ధైర్యం చాలట్లేదు" అన్నాడు. తప్పు పట్టలేను. 2025లోనే రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 6.5 నుంచి మెట్లు మెట్లుగా దించింది, డిసెంబర్ కల్లా 5.25కి వచ్చింది. వడ్డీ ఎంత తగ్గినా జీతం ఉంటుందో లేదో తెలియనివాడికి దాంతో పనేముంది. ఈ మౌఢ్యం ఏ పంచాంగంలోనూ రాసిలేదు.

చివరికి కొన్నవాళ్ళు ఆషాఢంలో, జోరున కురిసే వానలో వచ్చినవాళ్ళే. ఆవిడ నర్సు, ఆయన స్కూల్లో లెక్కల మాష్టారు, సొంతూరు సూర్యాపేట వైపు. విజయవాడ హైవే మీద బస్సు ఎక్కడం దిగడం సులువని ఎల్బీనగర్, కొత్తపేట చుట్టూనే వెతుకుతున్నారు. ఆవిడ ఆ ఆరుతున్న గోడ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచి, "వానలో చూడ్డమే మంచిదైందండీ" అన్నారు. 15 లక్షలు సర్దుకోవడానికి వాళ్ళకి మూడు వారాలు పట్టింది. ఆగస్టు 6న 56కి రాసుకున్నాం. 28 లక్షలైతే వాళ్ళు మెట్లు కూడా ఎక్కేవాళ్ళు కాదని మాష్టారే అన్నారు.

వాళ్ళ లోన్ రావాలి కాబట్టి ఆగస్టు 16 ఎలాగూ దాటింది. నాగోలు ఆయన కాళ్ళావేళ్ళా పడితే గడువు పెంచాడు, దానికి 75 వేలు అదనంగా తీసుకున్నాడు. మహాలయ పక్షాలు వచ్చేలోపు కావాలని అందరూ పట్టుబట్టడంతో సెప్టెంబర్ 4న రిజిస్ట్రేషన్ అయింది. షాపాయనకి ఇచ్చుంటే ఇంకో లక్ష ఎక్కువ వచ్చేది, 75 వేలు మిగిలేవి. మొత్తం లక్షా 75 వేలు. నాన్నకి ఈ లెక్క నేను చెప్పలేదు, ఆయనకి లెక్కలొచ్చు.

ఆ జంట మా పాత వీధికి రెండు వీధుల అవతల కొనుక్కున్నారని తర్వాత తెలిసింది. అక్టోబర్లో కొత్తింట్లో ఫ్యాన్లు కొనడానికి నాన్న దిల్‌సుఖ్‌నగర్ వెళ్తే అనుకోకుండా అదే షాపు. ఆయన గుర్తుపట్టి కుర్చీ వేసి టీ తెప్పించారట. "ఆంటీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగారట. ఇల్లు గురించి ఒక్క మాట ఎత్తలేదట. నాన్న రెండు ఫ్యాన్లు కొనడానికి వెళ్ళి నాలుగు కొనుక్కొచ్చారు. మాకున్నవి మూడు గదులు.

అన్నట్టు మియాపూర్ స్నేహితుడికి ఇదంతా చెప్పాక, "ముందు నీ ఈసీ తీసి చూడు" అన్నాను. "లోన్ ఎప్పుడో తీర్చేసాను, దాంతో పనేంటి?" అన్నాడు. తీసాక చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.